రాముకి డెబిట్

మా అయ్యకి లెక్కలు రావు. కానీ ఆయన పేరుమీద ఒక లెక్క ఉండేది. ఆసామి ఇంట్లో, గాదె పక్కన మేకుకి వేలాడే ఎర్ర అట్ట పుస్తకంలో అయ్యకో పేజీ. మా గూడెంలో పాలేర్లుగా ఉన్నవాళ్ళందరికీ తలా ఒక పేజీ. నాయనమ్మకి జబ్బు చేస్తే తెచ్చిన 400, అక్క పెళ్ళికి తెచ్చిన 1,200, జ్వరమొచ్చి లేవలేని రోజుల నాగాలు, చేతిలో విరిగిన నాగలి కర్రు. అన్నీ అందులో ఎక్కేవి. తెల్లారకముందే కొట్టం ఊడ్చింది ఎక్కేది కాదు. రాత్రంతా చేలో నీళ్ళు కట్టింది ఎక్కేది కాదు. ఉగాదికి లెక్క చూస్తే అప్పు ఏ ఏడూ తగ్గేది కాదు.

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. 1975 అక్టోబరు 25 నుంచే అమల్లోకి వచ్చినట్టు అందులో రాశారు. వెట్టి అప్పు ఇక తీర్చనక్కర్లేదని కూడా రాశారు. ఆ మాట మా గూడేనికి చేరేసరికి అయ్యకి జుట్టు తెల్లబడింది. ఆదివారం గుడిలో పరలోక ప్రార్థన చెప్పేటప్పుడు ‘ఋణములు’ అన్న మాట వస్తే అయ్య గొంతు కొంచెం పెరిగేది. దేవుడి పుస్తకంలోనూ తనకో పేజీ ఉందనుకున్నాడేమో.

2003లో నేను బీకాం కంప్యూటర్స్‌లో చేరాను. చేరింది కంప్యూటర్స్ అన్న మాట కోసమే. మా ఊళ్ళో ఆ మాటకి ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగం అని అర్థం. కామర్స్ అంటే ఏంటో నాకు తెలీదు. తెలుగు మీడియం పుస్తకంలో చిట్టా, ఆవర్జా, అంకణా అని ఉన్నాయి. చిట్టా ఒక్కటే విన్న మాట. మా వైపు ‘నీ చిట్టా విప్పుతా’ అని తిడతారు.

జంటపద్దు విధానం గురించి పాచియోలీ అనే ఇటలీ సన్యాసి 1494లోనే వెనిస్‌లో అచ్చేశాడని మా మాస్టారు చెప్పారు. పుచ్చుకున్నవాడికి డెబిట్, ఇచ్చినవాడికి క్రెడిట్. ఈ సూత్రం నాకు బాగా నచ్చింది. ఇచ్చినవాడి పేరు కూడా రాయాలన్న మాట నా జన్మలో అదే మొదటిసారి వినడం. అయ్య ఇచ్చిందంతా ఎక్కడో రాసి ఉండాల్సిందేగా!

తర్వాతి వారం లెక్క ఇచ్చారు. ‘రాముకు కూలి చెల్లించాం, 500 రూపాయలు.’ పుచ్చుకుంది రాము, అందుకని రాముకి డెబిట్ రాశాను. మాస్టారు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశారు. “ఇక్కడ రాము రాడయ్యా. కూలి అనేది ఖర్చు. కూలి ఖాతాకి డెబిట్. మనిషితో పనిలేదు.” మరుసటి లెక్క: ‘రాముకు 500 అప్పిచ్చాం.’ ఈసారి జాగ్రత్తగా అప్పు ఖాతా అని రాశాను. అదీ కొట్టేశారు. “ఇక్కడ రాము వస్తాడు. వాడి దగ్గర మనం వసూలు చేసుకోవాలిగా!”

క్లాసంతా నవ్వింది. నాకు ఎర్ర అట్ట పుస్తకం కళ్ళముందు కనపడింది. పని చేసినప్పుడు రాముకి పేరుండదు. బాకీ పడితే పేరొస్తుంది. ఇది మా ఆసామి కొత్తగా కనిపెట్టిన దుర్మార్గం అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు, సిలబస్‌లోనే ఉంది. మాస్టారు మంచాయన, ఆయన్ని అనడంలేదు. సంస్థకి ఖర్చెంతైందో తేల్చాలంటే అలాగే రాయాలి, దానికో తర్కం ఉంది. నేను అడిగేది ఒక్కటే. ఆ పుస్తకం ఎవరి కళ్ళతో చూసి రాసింది? రాము రాసుకుంటే అందులో ఏ ఖాతా ఏ వైపుకి వెళ్ళేది?

“అంకెలకి కులం లేదు” అనేవారు మాస్టారు. నమ్మాను. అంబేడ్కర్ 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరాడనీ, అందరి కుండలో నీళ్ళు తాగడానికి లేదని తోటి ప్రొఫెసర్లు కొందరు అడ్డం చెప్పారనీ చాలా ఏళ్ళ తర్వాత చదివాను. రూపాయి సమస్య మీద 1923లో పుస్తకం అచ్చేసినవాడాయన. మూడేళ్ళు కామర్స్ చదివాను, క్లాసులో ఒక్కరూ ఆయన పేరెత్తలేదు.

ఇక నా సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళూ చెప్పలేదు.

రెండో ఏడు, 2005 వేసవి సీజన్లో, గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర సాయంత్రాలు పనికి కుదిరాను. నెలకి 600. ట్యాలీలో పద్దులెక్కించడం, యాక్సెస్‌లో కూలీల పట్టిక చెయ్యడం. షెడ్డులో ఆడాళ్ళు మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళు. ముక్కులకి కొంగులు కట్టుకుని, దగ్గుకుంటూ, రాత్రికి మండే చేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ. కిలో లెక్కన కూలి. ఇరవై కిలోలు తీస్తే తరుగు పేరుతో రెండు కిలోలు కొట్టేసేవాళ్ళు. రోజూ వచ్చేవాళ్ళు పాతిక మంది లోపే.

ఒకరోజు గుమస్తా వచ్చి, “నలభై మంది పేర్లు కావాలి, రోజుకి 68 రూపాయల చొప్పున ఎక్కించు” అన్నాడు. ఆఫీసర్లు వస్తే చూపించడానికి కూలి సరిగ్గా ఇచ్చినట్టుండాలి, ఖర్చు పెరిగితే పన్నూ తగ్గుతుంది. ఏం పేర్లు రాయను? నాకు తెలిసిన ఆడాళ్ళ పేర్లంటే మా గూడెంవాళ్ళవే. పిన్నమ్మ, అత్తలు, చనిపోయిన పెద్దమ్మ. మొదటి వరసలో మా అమ్మ. కంప్యూటర్ అడిగింది ఒక్కటే, ప్రతి మనిషికీ నెంబరుండాలి, ఆ నెంబరు రెండోసారి రాకూడదు. దాన్ని ప్రైమరీ కీ అంటాం. నెంబర్లు సరిపోయాయి. యంత్రం నమ్మింది.

తర్వాత రిజిస్టరులో వేలిముద్రలు. గుమస్తా స్టాంపు పాడ్ నా ముందుకి తోశాడు. మా వంశంలో సంతకం నేర్చిన మొదటివాణ్ణి నేను. నా ఎడమ బొటనవేలు నలభైసార్లు ఒత్తాను, ఒక్కోసారి ఒక్కో వంకరగా తిప్పి. సీజను నాలుగు నెలలూ అదే పని. అంకణా తేల్చితే రెండు వైపులా పైసా తేడా లేదు. ట్రయల్ బాలెన్స్ కుదిరినంత మాత్రాన పుస్తకాలు నిజమని కాదని పుస్తకంలోనే ఒక పాఠముంది. పద్దు మొత్తంగా వదిలేస్తే అది అంకణాకి దొరకదు. ఆ పాఠం మీద నాకు పరీక్షలో మంచి మార్కులొచ్చాయి.

ఆకలికి చేశానంటే అబద్ధం. పరీక్ష ఫీజుకి చేశాను. అది తప్పు అవునా కాదా అని మిత్రులతో వాదించాను. యజమాని రాయమన్నాడు, నేను రాశాను, పాపం యజమానిదే అన్నారు కొందరు. ఎర్ర అట్ట పుస్తకం రాసిన కరణం కూడా ఇదే చెప్పేవాడేమో. అణగారినవాడి చేతికి కలమొస్తే న్యాయం రాస్తుందని మనం సభల్లో అంటాం. నా చేతికి కలమే కాదు, కంప్యూటరే వచ్చింది.

ఇప్పుడు డిగ్రీ కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. మొన్న ఒకమ్మాయి ‘రాముకి డెబిట్’ అని రాసింది. వాళ్ళమ్మ పత్తితీతకి వెళ్తుంది. ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కొట్టేశాను, కొట్టకపోతే పరీక్షలో మార్కు పోతుంది. “మరి రాము పేరు ఎక్కడ రాస్తారు సార్?” అంది. కూలి బకాయి పడితే రాముని అప్పులవైపు, మనం ఇవ్వాల్సినవాళ్ళలో చూపించొచ్చమ్మా అన్నాను. “ఎవరు చూపిస్తారు సార్?” అంది.

2012లో నాకు ఉద్యోగమొచ్చిన నెల, అమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. నెలకి 26 రోజులు, నాలుగు నెలలు, 7,072 రూపాయలు అమ్మ పేరున రాశాను. ఆ డబ్బు ఆమె చేతిలో పెట్టబోయాను.

“నా ఏలు కూడా నువ్వే ఏశావా?” అంది. చాలాసేపు నా బొటనవేలు పట్టుకుని చూసింది. తర్వాత డబ్బు వెనక్కి తోసేసింది. “నేను చెయ్యని పనికి నాకెందుకురా? ఆడ తొడిమలు తీసినోళ్ళకి ఇచ్చిరా, పో.”

షెడ్డు అప్పటికే మూసేశారు. ఆ పాతిక మంది ఎవరో, ఏ ఊళ్ళవాళ్ళో నాకు తెలీదు. నేను ట్యాలీలో వాళ్ళని రోజూ ఎక్కించిన మాట నిజమే, ‘కూలి ఖర్చు’ అని. వాళ్ళ పేర్లు ఎప్పుడూ అడగలేదు.