ముందూ వెనకా

లండన్‌లో నా పక్క గదిలో ఉండే మిత్రుడు థెలీమా అనే ఆధ్యాత్మిక మార్గంలో ఉన్నాడు. గిన్నెలు కడిగే వంతు వచ్చినప్పుడల్లా ఆ మార్గానికి మూలగ్రంథమైన అలిస్టర్ క్రౌలీ ‘బుక్ ఆఫ్ ద లా’ను అడ్డం పెట్టేవాడు. సంకల్పం నెరవేర్చుకోవడమే ధర్మమట, గిన్నెలు తన సంకల్పంలో లేవట!

నవ్వొచ్చి, పుస్తకం అడిగి చదివాను. 1904 ఏప్రిల్ 8, 9, 10 తేదీల్లో కైరోలో ఐవాస్ అనే అదృశ్య వాణి చెబుతుంటే రాసుకున్నానని క్రౌలీ చెప్పుకున్నాడు. మూడు అధ్యాయాలు, 220 వాక్యాలు. మావాడు పట్టుకున్నది మొదటి అధ్యాయంలో 40వది. రెండు వాక్యాలు దాటితే, ఆ సంకల్పం తప్ప మనిషికి వేరే హక్కే లేదని ఉంది. అంటే తోచినట్టు తిరగమని కాదు, అదొక కఠిన నియమం. కోరిక వేరు, నిజ సంకల్పం వేరని క్రౌలీయే వివరించాడు.

1925 నాటి చిన్న వ్యాఖ్యలో, ఈ గ్రంథాన్ని చర్చించేవాళ్లను దూరం పెట్టమనీ, సందేహం వస్తే తన రచనలు చూసి ఎవరికి వారే తేల్చుకోమనీ అన్నాడు. ఎదుటివాడి నోరు మూయించడానికి కొందరు దాన్నీ వాడతారు. ఎవరికి వారే అన్నాక, ఒకరి మీద ఒకరు వాక్యాలు విసరడమెందుకు?

సగం శ్లోకం చదివి ఆపితే మా తాతగారు ఊరుకునేవారు కాదు. గ్రంథాన్ని సాక్ష్యానికి పిలిచేవాడు ముందూ వెనకా కూడా చదివి వినిపించాలి. అది చేతకాకపోతే గిన్నెలు కడుక్కోవడం మేలు.