ముఖం చూసి బొట్టు

మన తెలుగువాళ్ళకి ముఖం మీద ఉన్నంత పట్టింపు మరి దేనిమీదా లేదేమో! సిగ్గుపడితే ముఖం చెల్లదు. ఇష్టం లేకపోతే ముఖం తిప్పుకుంటాం. కాదనలేకపోతే మొహమాటం. ఆఖరికి మనిషి తాహతును బట్టి మర్యాద మారితే, దాన్ని కూడా ‘ముఖం చూసి బొట్టు పెట్టడం’ అన్నాం. మరి ఆ ముఖమే కాలిపోతే?

అలాంటివాళ్ళను ఓదార్చడానికి మన దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంటుంది. “అందం ఎన్నాళ్ళుంటుందమ్మా, మనసు మంచిదైతే చాలు” అని. మాట మంచిదే. కాని పోయింది అందమే అని మనమెందుకనుకోవాలి? స్టవ్వు భగ్గుమని బుగ్గా మెడా కాలిన మా పక్కవీధి ఆవిడ తనను అందగత్తెనని ఎన్నడూ అనుకోలేదు. ఆవిడకు పోయింది మరొకటి. బస్సులో పదిమందిలో ఒకతెగా, ఎవరి కంటా పడకుండా కూర్చునే హాయి. ఇప్పుడు కండక్టరు దగ్గరికొస్తే అతని చూపు ఎటు పోతుందోనని గుండెదడ. పేరంటానికి పిలుపొస్తే తలనొప్పి. మచ్చ ఎంత పెద్దదైతే దిగులు అంత పెద్దదని లెక్కేమీ లేదంటారు ఈ సంగతి తెలిసిన వైద్యులు. రవ్వంత మచ్చకే గడప దాటనివాళ్ళున్నారు. ముఖమంతా కాలినా నలుగురిలో తిరిగేవాళ్ళున్నారు. అంటే బాధంతా చర్మంలోనే లేదన్నమాట. ఎదుటివాళ్ళు ఎలా చూస్తారోనని కాచుకుని ఉండటంలో కూడా ఉంది.

మరి ఆ చూపు బాధ్యత ఎవరిది?

మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు దెబ్బతిన్న సైనికుల కోసం ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో 1917లో ఆసుపత్రి తెరిచారు. ఆ దారిలో కొన్ని బెంచీలకు నీలిరంగు వేశారు. వాటిమీద కూర్చున్నవాడి ముఖం చూడటం కష్టం, జాగ్రత్త అని ఊరివాళ్ళకు గుర్తు. దయతోనే వేసి ఉంటారు. కాని ఆ దయ ఎవరిమీద? చూసేవాళ్ళ మీదే కదా!

రెండో యుద్ధంలో, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో, విమానాల్లో కాలిన కుర్రాళ్ళకు వైద్యం చేసిన డాక్టర్ మెకిండో ఇంకో దారి పట్టాడు. చర్మం అతికితే సగం పనే అయిందనుకున్నాడు. రోగుల బట్టలు కాకుండా వాళ్ళ యూనిఫారాలే వేసుకోనిచ్చి ఊళ్ళోకి పంపాడు. తేరిపార చూడకండి, ఇళ్ళకు పిలవండి అని ఊరివాళ్ళను అడిగాడు. పిలిచారు. ‘తేరిపార చూడని ఊరు’ అని దానికి పేరే వచ్చింది. ఆ కుర్రాళ్ళు 1941లో తమ మీద తామే హాస్యమాడుకుంటూ ‘గినీపిగ్ క్లబ్’ అని సంఘం కూడా పెట్టుకున్నారు.

నిజమే, వాళ్ళు వీరులు. వంటింట్లో కాలిన ఆడదానికి యూనిఫారం ఎవరిస్తారు? పైగా “లోపల ఏం గొడవ జరిగిందో!” అని గుసగుసలు. యాసిడ్ దాడికి గురైనవాళ్ళకు కనీసం 3 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. 2016 చట్టం వాళ్ళను వికలాంగుల కోవలో చేర్చింది. సంతోషమే. కాని పేరంటంలో పక్కన కూర్చోబెట్టుకోమని ఏ కోర్టు చెబుతుంది?

గుడ్లప్పగించి చూడటం తప్పని అందరికీ తెలుసు. చూపు చటుక్కున తిప్పుకోవడం కూడా బెంచీకి నీలిరంగు వేయడమేనని మాత్రం తోచదు. ఈసారి అలాంటి ఆవిడ మీ ఇంటికొస్తే “ఎలా జరిగిందమ్మా?” అని అడక్కండి. చెప్పాలనిపిస్తే ఆవిడే చెబుతుంది. అందరికీ పెట్టినట్టే బొట్టు పెట్టి, శనగలు చేతిలో పోసి, పిల్లవాడి పరీక్షల సంగతి అడగండి.