మొక్కు ఎవరికి చేరుతుంది?

బ్రెజిల్‌లో ఒక సెమిస్టరు చదువుకుందామని వచ్చిన విద్యార్థులు, పెట్టెలు పూర్తిగా సర్దుకోకముందే స్నేహితులను వెంటేసుకుని సాల్వడోర్ పాతబస్తీ చూడటానికి బయల్దేరుతుంటారు. పెలోరిన్యో రాళ్ల వీధిలో అడుగుపెట్టగానే ఎవరో ఒకరు నవ్వుతూ వచ్చి మణికట్టుకు రంగు రిబ్బను చుట్టేస్తారు. మూడు ముళ్లు, ముడికో కోరిక. దానంతటది చీకి ఊడిపోయేదాకా తియ్యకూడదు. రిబ్బను ఉచితమేనట. చేతిలో పెట్టే పూసలదండకు మాత్రం బేరం మొదలవుతుంది!

ఆ రిబ్బను మీద బొంఫిం ప్రభువు పేరు అచ్చువేసి ఉంటుంది. 1745లో పోర్చుగల్ నుంచి తెచ్చిన శిలువ విగ్రహం ఆయనది, ఊరికి ఆ చివర గుట్ట మీద ఆయన చర్చి. ఆఫ్రికన్ బానిసల నమ్మకాల నుంచి పుట్టిన కందొంబ్లే మతస్థులకు ఆయనే ఒషాలా, తెల్లబట్టలు కట్టే పెద్దదేవుడు. రిబ్బను రంగులు కూడా ఒక్కో ఒరిషాకు, అంటే ఒక్కో కందొంబ్లే దేవతకు, ఒక్కొక్కటని చెబుతారు. మరి ఆ మూడు కోరికలూ ఎవరి చెవిన పడుతున్నట్టు?

జనవరిలో ఒక గురువారం ఊరంతా తెల్లబట్టల్లో కాన్సెయిసావ్ చర్చి నుంచి బొంఫిం దాకా ఎనిమిది కిలోమీటర్లు నడుస్తుంది. కుచ్చుల పావడాలు, తలపాగాలు ధరించిన బహియానాలు, అంటే ఈ బహియా రాష్ట్రపు స్త్రీలు, పూలు వేసిన సుగంధ జలాన్ని కుండల్లో మోసుకొచ్చి చర్చి మెట్లు కడుగుతారు. కడిగేది మెట్లనే, లోపల కాదు. ఒకప్పుడు లోపలి నేలా కడిగేవారు. 19వ శతాబ్దం చివర్లో ఆర్చిబిషప్ దాన్ని నిషేధించారు. అప్పటి నుంచి ఏళ్ల తరబడి మెట్ల మీద పాటలు సాగుతుంటే వెనక చర్చి తలుపులు మూసే ఉండేవి. గైడు మాత్రం దీన్ని మతసామరస్యమనే చెబుతాడు. కుర్రకారు తలలూపి ఫొటోలు తీసుకుంటారు.

నెల్లూరు స్వర్ణాల చెరువులో దర్గా ఎదుట కోరికల రొట్టెలు మార్చుకునే హిందువులను చూసిన తెలుగు విద్యార్థికైతే ఇందులో వింతేమీ కనిపించదు. కానీ ఆ పోలిక కొంతదూరమే నడుస్తుంది. రొట్టెల పండుగకు ఎవరినీ కొరడాతో తోలుకురాలేదు. బ్రెజిల్ రేవుల్లో బానిసలుగా దించిన ఆఫ్రికన్లు దాదాపు 48 లక్షలు. బానిసలను కట్టేసి కొట్టిన స్తంభం ఈ పెలోరిన్యోలోనే ఉండేది. బాప్తిస్మం వాళ్లు అడిగి పుచ్చుకున్నది కాదు. 1888లో బానిసత్వం రద్దయినా, 1890 నాటి శిక్షాస్మృతి మంత్రతంత్రాలను నేరాల జాబితాలో చేర్చింది. బహియాలో కందొంబ్లే పూజకు పోలీసుల అనుమతి తీసుకోవాల్సిన నియమం 1976 దాకా పోలేదు.

అందుకే పీఠం మీద ముందు సెయింటు బొమ్మ, వెనక ఒరిషా అన్న కథ పుట్టింది. కథ నిజమే, సగం. రియోలో యుద్ధదేవుడు ఓగుంను సెయింట్ జార్జ్‌తో జోడించారు. బహియాలో అదే జార్జ్ వేటగాడు ఒషోసి అయ్యాడు, ఓగుం వెళ్లి సెయింట్ ఆంటోనీతో కలిశాడు. పోలీసుల కళ్లు కప్పడమే ధ్యేయమైతే ఏ బొమ్మైనా సరిపోయేది. గుర్రమెక్కి ఈటె పట్టినవాణ్ణి యోధుడనాలా, వేటగాడనాలా అని ఊరూరా తర్కించుకున్నారంటే, అది దాక్కోవడాన్ని మించిన పని. అక్షరాలు నేర్వనివ్వని మనుషులు చేసిన దైవశాస్త్రం అది.

పెలోరిన్యోలోనే నల్లజాతివారి రోజరీ మాత చర్చి ఉంది. 1685లో ఏర్పడ్డ నల్లవారి సహోదర సంఘం, 1704లో మొదలుపెట్టి తమ చేతులతో కట్టుకున్నది. మంగళవారం సాయంత్రం అక్కడి పూజకు వెళ్లిన విద్యార్థులకు అతబాకె డోళ్ల మోత వినిపిస్తుంది, రొట్టెల బుట్టలు ఎత్తుకుని ఊగుతూ నడిచే స్త్రీలు కనిపిస్తారు. వీళ్లు నటిస్తున్నారని ఎవరనగలరు? బలవంతంగా వచ్చిన దేవుడు మనవడి కాలానికి ఇంటి దేవుడయ్యాడు. పుట్టుకలో బలవంతం ఉంది కాబట్టి ఆ భక్తి అబద్ధమనడం మరో రకం బలవంతమే.

అలాగని కలపడమే గొప్ప అనడానికీ లేదు. ఇలె అషె ఒపో అఫొంజా అనే పేరున్న కందొంబ్లే పూజాస్థలానికి పెద్దమ్మగా, అంటే ప్రధాన పూజారిణిగా, ఉన్న స్టెల్లా 1983లో మరికొందరు ప్రసిద్ధ పెద్దమ్మలతో కలిసి ఒక ప్రకటన మీద సంతకం చేశారు. ఒరిషాలు సెయింట్లు కారు, ఆ ముసుగు బానిసత్వపు అవసరం, ఇప్పుడు అక్కర్లేదు అన్నది దాని సారం. నర్సుగా పనిచేసిన మనిషి, మాట తేటగా ఉండేది. బహియాలో చాలామందికి అది రుచించలేదు. ఆదివారం పూజకు వెళ్తూ ఒరిషాకు నైవేద్యం పెట్టే ముసలమ్మలు తమ అలవాటు మానుకోలేదు. యాత్రికులకు కలయిక అందంగా కనిపిస్తుంది. దాని ఖరీదు వాళ్లు కట్టలేదు మరి. విడిపోతామనే హక్కు, కట్టినవాళ్లది.

సందు మలుపులో బహియానా అమ్మే అకరజే మన అలసంద వడకు దగ్గరి చుట్టం. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఎర్రటి పామాయిల్‌లో వేయిస్తారు. మధ్యకు చీల్చి రొయ్యలు కూరుతారు. అది ఇయన్సాన్ అనే తుఫాను దేవత నైవేద్యం. 2005లో ఈ బహియానాల వృత్తిని దేశ సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేశారు. ఈమధ్య ఎవాంజెలికల్ చర్చిల్లో చేరిన కొందరు ఇదే వడను ‘యేసు ఉండ’ అనే పేరుతో అమ్ముతున్నారు. 2022 జనగణన ప్రకారం బ్రెజిల్‌లో ఎవాంజెలికల్స్ 26.9 శాతం, కందొంబ్లే, దాని సోదర మతం ఉంబాండా రెండూ కలిపి ఒక్క శాతం. చూడబోతే స్టెల్లా చేసిందీ, ఈ అమ్మకందారు చేసేదీ ఒకటే: దేవుళ్లను విడదీయడం. కానీ స్టెల్లా తన దేవుళ్లను మాత్రమే తీసుకెళ్లారు, సెయింట్లను సెయింట్లుగా వదిలేశారు. ఈమె వంటకం ఉంచుకుని వంటకమిచ్చిన దేవతను వెళ్లగొడుతోంది.