మౌనం అర్ధాంగీకారమా?

క్రూరత్వం కంటికి కనబడితే పెద్దగా ఆలోచించాల్సిన పని ఉండదు. కాళ్లు కదలకుండా టేపు చుట్టి, సూట్‌కేసుల్లో కుక్కి, చెన్నై విమానాశ్రయం నుంచి బ్యాంకాక్‌కో కౌలాలంపూర్‌కో దాటించబోయిన నక్షత్ర తాబేళ్ల ఫొటోలు పేపర్లో చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. అక్కడ తప్పెవరిదో తేల్చడానికి కస్టమ్స్ వాళ్లు చాలు. నన్ను పీక్కుతింటున్నది ఆ తాబేళ్లు కావు. మదనపల్లెలో ఒక రిటైర్డ్ సారు ఇంటి పెరట్లో తాపీగా మునగాకు నములుతున్న ఒకే ఒక్క తాబేలు.

సారు నాకు దూరపు బంధువు. పిల్లలను బెత్తంతో కొట్టని లెక్కల మాస్టారుగా ఆ చుట్టుపక్కల పేరు. ఇరవై ఏళ్ల కిందటి మాట. వానలు మొదలైన రోజుల్లో ఒకతను సైకిలుకు గోతాం కట్టుకుని వీధిలో తిరిగాడట. ‘ఇంటికి మంచిది సార్, లక్ష్మి’ అన్నాడట. సారుకు లక్ష్మి మీద నమ్మకం లేదు గానీ, బళ్లో చదివే కూతురు గోతంలో చెయ్యి పెట్టి ఒకదాన్ని తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ పిల్ల ఇప్పుడు డల్లస్‌లో ఉంది. తాబేలు ఇక్కడే ఉండిపోయింది.

మొదట్లో అందరిలాగే అన్నం, పెరుగు, అరటిపండు పెట్టారు. చిప్ప అంచులు మెత్తబడుతున్నాయని అనుమానం వచ్చి పశువుల డాక్టరుకు చూపిస్తే, దీనికి కావాల్సింది అన్నం కాదు, ఎండ, ఆకులు, సున్నం అని చెప్పాడట. అప్పటి నుంచి సారు దినచర్య మారిపోయింది. పొద్దున ఎండ పడేచోట గడ్డి, తర్వాత మునగాకు, మందార పువ్వులు, దొరికితే నాగజెముడు పండు. గుడ్డు పెంకులు దంచిన పొడి. చలికాలం రాత్రుళ్లు గోనెపట్టా. చిప్ప మీద ఒక్కో బుడిపె నుంచి పసుపు గీతలు పొద్దుకిరణాల్లా విడిపోయి, ఇంత నిగనిగలాడే తాబేలును నేను జూలో కూడా చూడలేదు. పెంచడమంటే ఇంతకంటే బాగా ఎవరు పెంచుతారు?

మరి తప్పెక్కడ?

వాస్తు కోసం కొనేవాళ్లతో నాకు పేచీ లేదు. అంటే, వాళ్లతో వాదించే ఓపిక లేదు. ఇత్తడి తాబేలును నీళ్ల పళ్లెంలో పెట్టుకుంటే సరిపోయేదానికి ప్రాణమున్నదాన్ని తెచ్చుకోవడం ఎందుకో వాళ్లే చెప్పాలి. మందర పర్వతం మోసినవాడికి మన ఇంటి దోషం ఓ బరువా అనుకుంటారేమో. ఇరవై గోళ్ల తాబేలుంటే గుప్తనిధులు దొరుకుతాయని లక్షలు పోసేవాళ్లది మరీ విచిత్రం. నక్షత్ర తాబేలుకు మామూలుగా ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి గోళ్లు. లేనిదాన్ని వెతుకుతూ ఉన్నవాటిని తిరగేసి లెక్కపెట్టి పారేస్తారు. శ్రీకూర్మం వెళ్లి గుడి ఆవరణలోని తాబేళ్లకు దండం పెట్టుకుని, ఇంటికొచ్చి తాబేలు బేరమాడగలం మనం. ఆ రెండింటి మధ్య మనకేమీ అడ్డు రాదు. కానీ సారు ఈ బాపతు కాదు. అందుకే చిక్కు.

లెక్క ప్రకారం చూస్తే తప్పు సులభంగానే దొరుకుతుంది. నక్షత్ర తాబేలు ఆడది గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి ఎనిమిది పదేళ్లు పడుతుంది. పెట్టేవి నాలుగైదు గుడ్లు. పిల్లల్లో ఎక్కువ భాగం ముంగిసకో, ఉడుముకో, కాకికో పోతాయి. బతికి బట్టకట్టిన ఒక్క పెద్దదాన్ని ఎత్తుకుపోతే ఆ పొలాల్లో దాని చోటు నిండడానికి ఒక తరం పట్టవచ్చు. దేశంలో ఒకే ఒక్క వ్యాపార కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లు తరలిపోయాయని 2015లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఇందులో ఎవరి పాపం ఎంత? చేనుగట్టున ఏరినవాడు ఒకటి రెండు ఏరాడు, అదీ కూలి గిట్టక. గోతాం కట్టుకున్నవాడు ఏరలేదు, మోశాడు. సారు మోయలేదు, పెంచాడు. మొత్తం తప్పు ఒకచోట పోగుపడి ఎవరి చేతిలోనూ లేదు. అడిగితే ప్రతివాడూ తన చిన్న ముక్క చూపిస్తాడు.

ఈ వాదన నాకు చాలాకాలం తృప్తిగానే ఉండేది. ఒకరోజు అనుమానం వచ్చింది. తాబేళ్లు తరిగిపోవడమొక్కటే బాధైతే, అవి లెక్కలేనన్ని ఉన్న రోజుల్లో ఒకదాన్ని పట్టుకోవడంలో తప్పేమీ ఉండకూడదు. అయినా నాకు ఒప్పుదల కాదు. కాబట్టి నన్ను బాధపెట్టేది తరుగుదల ఒక్కటే కాదన్నమాట.

చట్టం కూడా నాకు పూర్తిగా తోడు రాదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో నక్షత్ర తాబేలు చాలాకాలం నాలుగో షెడ్యూలులో ఉండేది. అంటే పట్టడం అప్పుడూ నేరమే, శిక్ష తక్కువ. 2019లో అంతర్జాతీయ వ్యాపారానికి సంబంధించిన సైట్స్ ఒప్పందం దాన్ని రెండో అనుబంధం నుంచి మొదటిదానికి మార్చింది. మన చట్టానికి 2022లో చేసిన సవరణతో ఇక్కడా మొదటి షెడ్యూలుకు చేరింది. 2023 ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చిన పొద్దున సారు యథాప్రకారం మునగాకు దూస్తూ ఉండి ఉంటారు. దూస్తుండగానే ఆయన నేరం మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు దాకా పెరిగింది. చట్టం అవసరమే. కానీ ఆ ఏప్రిల్‌కు ముందు తాబేలుకు జరిగినదానికీ తర్వాత జరిగినదానికీ తేడా ఏమీ లేదు కదా.

నా ఆలోచన దారి మార్చింది చట్టమూ కాదు, ఆ అధ్యయనమూ కాదు. ఒక కార్తీకంలో సారు ఇంట్లో చూసిన సంగతి.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. తాబేలు తినకుండా తిరుగుతోంది. దానికి ప్రహరీ గోడ వెంబడే తిరిగే అలవాటు ఉంది; ఈశాన్యం మూలన జానెడు ఎత్తులో సున్నం గీరుకుపోయి ఇటుక కనబడుతుంటుంది. ‘వాకింగ్ చేస్తాది సార్, నాకంటే క్రమం’ అంటారు సారు. ఆరోజు మాత్రం అది గోడ వదిలేసి కరివేపాకు చెట్టు మొదట్లో నిలబడింది. నేలను వాసన చూసింది. కొంచెం పక్కకు జరిగి మళ్లీ చూసింది. తర్వాత మాకు వీపు తిప్పి, వెనక కాళ్లతో తవ్వడం మొదలుపెట్టింది. మట్టి గట్టిగా ఉంది. మూత్రం పోసి తడిపింది. కుడికాలితో గోరంత మట్టి తీసి పక్కన పెట్టడం, ఆగడం, ఎడమకాలితో ఇంకో గోరంత తీయడం. ఒక్కసారి కూడా తల తిప్పి ఎంత తవ్వానా అని చూసుకోలేదు. సారు కుర్చీ తెచ్చుకున్నారు. నేను మెట్టు మీద కూర్చున్నాను. కాఫీలొచ్చాయి. గుంత ఇంకా బెత్తెడు కూడా దిగలేదు. వేరు తగిలితే కాలు పక్కకు పెట్టి, దాన్ని చుట్టి తవ్వింది. పొద్దు వాలుతుండగా ఒక గుడ్డు పడింది. వెనక పాదంతో దాన్ని మెల్లగా పక్కకు సర్దింది, ఇంకోదానికి చోటివ్వడానికి. అలా నాలుగు. తర్వాత తీసిన మట్టినంతా అదే కాళ్లతో తిరిగి లోపలికి లాక్కుని, పొట్టతో అదిమి చదును చేసింది. చీకటి పడింది. కరివేపాకు కోయడానికి వచ్చిన సారు భార్య అక్కడ గుంత ఉందంటే నమ్మలేదు.

ఎప్పుడు పొదుగుతాయని అడిగాను. ‘పొదగవు సార్’ అన్నారు సారు. ‘మగది లేదు కదా. రెండు మూడేళ్లకోసారి పెడతానే ఉంటాది.’

ఆయన మామూలుగా అన్నారు. నాకు మాత్రం అప్పటిదాకా పెట్టుకున్న లెక్కలన్నీ తప్పినట్టయింది. ఆకలి లేదు, గాయం లేదు, భయం కూడా లేదనే అనుకుందాం. ఒక జీవి తన బతుకులో చేయాల్సిన పనిని ఇంత ఓపికగా, ఒక్క అంచె కూడా వదలకుండా చేసింది, అది ఎందుకూ కొరగాని చోట. దాన్ని ఎవరూ కొట్టలేదు. దాని పనిని వట్టిది చేశారు, అంతే. ఆ మాట అనడానికి కూడా అది నోరు తెరవదు. మౌనం అర్ధాంగీకారమంటారు. తాబేలు విషయంలో మనం ఆ సగాన్ని పూర్తి చేసుకున్నాం. చిలక గోల చేస్తుంది, కోతి కరుస్తుంది, కుక్క తలుపు గీరుతుంది. తాబేలు గోడ గీరినా వాకింగ్ అనే అంటాం.

ఇంటికొచ్చాక ఎదురు ప్రశ్నలు మొదలయ్యాయి. ఆదివారం కోడికూర తినేవాడివి, నీకెందుకయ్యా తాబేలు గుడ్ల బాధ? కోడి మనతోపాటు పుట్టి పెరిగింది, తాబేలు మనల్ని ఎరగకుండా పుట్టింది అని జవాబు చెప్పుకున్నాను. బలహీనమైన జవాబు. దాంతో కోడికి ఒరిగేదేమీ లేదు. ఇంకొకటి: బయట ఉంటే ఏ ట్రాక్టరు కిందో, ఏ క్వారీ గుంతలోనో ఎప్పుడో పోయేది. అదీ నిజమే. ఆ గోడ గీతను నేను కారాగారంగా చదవడం కేవలం నా కవిత్వం కావచ్చు. దాని తలలో ఏముందో నాకు తెలిసే వీల్లేదు. కానీ తెలియనప్పుడు సందేహం తాలూకు లాభం మనకే ఎందుకు రావాలి?

సారు దానికి పేరు పెట్టలేదు. ఎందుకని అడిగితే, ‘పేరు పెడితే పిలవాలనిపిస్తాది. పిలిస్తే రావాలనిపిస్తాది. అది రాదు కదా’ అన్నారు. ఆయనకు అన్నీ తెలుసు. తెలిసే పెంచుతున్నారు, ఎందుకంటే వెనక్కి ఇచ్చే దారి లేదు. ‘హార్సిలీ కొండల్లో వదిలెయ్యండి నాన్నా’ అని కూతురు ఫోన్లో అంటుంది. పెరట్లో అంటిన రోగమేదైనా ఉంటే అక్కడున్న వాటికీ తగిలిస్తుంది. పైగా ఇది ఏ సీమదో ఎవరికి తెలుసు? గుజరాత్, రాజస్థాన్ వైపువి వేరు, మన దక్షిణాదివి వేరు. గోతాల్లో అన్నీ కలిసిపోతాయి. ఒకచోటివి ఇంకోచోట వదిలితే వేల తరాలుగా విడిగా వచ్చిన వంశాలను మనమే కలగలిపినవాళ్లమవుతాం. దొంగసొత్తు దొరికినా సొంతదారుకు చేర్చలేని దొంగతనం ఇది. అందుకే సారు సేవను నేను ప్రేమ అనను, ప్రాయశ్చిత్తం అని కూడా అనను. తీరని అప్పుకు కడుతున్న వడ్డీ. నిజాయితీగా కడుతున్నారు, అంతవరకే. పైగా తాబేలు ఆయన కంటే ఎక్కువకాలం బతికేట్టుంది.

మొన్న వెళ్లినప్పుడు ఒక మాట అన్నాను. అటవీశాఖకు ఒక ఉత్తరం రాసి, వకీలును వెంటబెట్టుకుని, జూకు అప్పగించండి సార్, అక్కడ దీని జాతివి ఇంకా ఉంటాయి అని. జూ అడవి కాదని నాకు తెలుసు. గోడలు అక్కడా ఉంటాయి. అయినా వాన పడినప్పుడు ఎదురుగా ఇంకో నక్షత్ర తాబేలు కనబడుతుంది కదా.

సారు చాలాసేపు ఆలోచించారు. ‘గుడ్లు పొదుగుతాయి, సరే. ఆ పిల్లలూ గోడల మధ్యనే కదా పుడతాయి? ఒకదాని అప్పు నాలుగింటి మీద పెట్టడం కాదా సార్ అది?’ అన్నారు. లెక్కల మాస్టారు.

నా దగ్గర జవాబు లేదు. అయినా అప్పగించమనే చెప్పాను. వానలు వెళ్లాక చూద్దామన్నారు. వానలకు ముందే అయితే మంచిదన్నాను.