యంత్రం వచ్చింది, మనిషి పైకి వచ్చాడా?



కొత్త యంత్రం వచ్చిందంటే మనలో రెండు మాటలు వినిపిస్తాయి. "ఇక మన కష్టాలు తీరాయి" అని ఒకరు, "ఇక మన కూడు పోయింది" అని ఇంకొకరు. రెండూ తొందరపాటే. అన్నీ అనిత్యమని రోజూ చెప్పుకునే మనం మార్పుకి భయపడకూడదు. అలాగని కొత్తదానికల్లా దండం పెట్టకూడదు. ఎవరో చెప్పారని నమ్మకండి, లోభ ద్వేష మోహాల నుంచి పుట్టిందేమో, దానివల్ల మేలో కీడో మీరే చూసుకోండి అని కదా బుద్ధుడు కాలాములకు బోధించింది! యంత్రాన్నీ ఆ గీటురాయి మీదే గీసి చూద్దాం.

మ్యాన్‌హోల్ సంగతే తీసుకోండి. రక్షణ లేకుండా మురుగుకాల్వల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దింపడం నేరమని 2013 చట్టం చెబుతోంది. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల్లోకి వెళ్లగల చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది. 2018లో కేరళ యువ ఇంజనీర్లు చేసిన బ్యాండికూట్ రోబో తిరువనంతపురంలో మనిషికి బదులు పనిలోకి దిగింది. చట్టం ఉంది, యంత్రం ఉంది. అయినా 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు, మురుగుకాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకిచ్చే పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచాల్సి వచ్చింది. అంటే చావులు ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? యంత్రం అద్దె కంటే మనవాడి కూలి చవక గనుక. ఎవరు దిగాలో కులం ముందే రాసిపెట్టింది గనుక. మొదటిది లోభం, రెండోది మోహం. వీటిని తోడిపోసే రోబో ఎక్కడా దొరకదు. అది ధమ్మం చేయాల్సిన పని.

రాజగృహంలో చెత్త ఊడ్చే సునీతుడు ఎదురుపడినప్పుడు, "నీ పని పవిత్రమైనది, అదే చేసుకో" అని బుద్ధుడు అనలేదు. సంఘంలోకి తీసుకున్నాడు. బాబాసాహెబ్ కూడా 1945లో గాంధీవాదాన్ని విమర్శిస్తూ, దోషం యంత్రానిది కాదు, దాని ఫలాన్ని కొందరికే దక్కించే సమాజానిదని వివరించారు. గొడ్డుచాకిరీ తప్పి తీరిక దొరికితేనే మనిషి చదువుతాడు, ఆలోచిస్తాడు.

"మరి యంత్రం వస్తే మావాళ్ల పని పోదా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మళ్లీ గోతిలోకి దిగడం మాత్రం కాదు. ఆ బండి స్టీరింగు మాకివ్వండి, దాన్ని కొనడానికి అప్పు మాకివ్వండి, పని నేర్పండి అని గట్టిగా అడగడం. మన పిల్లలు యంత్రం నడపడంతో ఆగకుండా, దాన్ని తయారుచేసే చదువు చదవాలి.

చివరిగా ఒక మాట. మీ ఇంటి సెప్టిక్ ట్యాంకు నిండిన రోజు ఫోన్‌లో ఏం అడుగుతారు? "ఎంత తీసుకుంటావ్?" అని మాత్రమేనా? "అడుగు మడ్డి తీయడానికి మనిషిని దింపవు కదా?" అని కూడా అడుగుతారా? దింపుతానంటే ఆ బేరం వదులుకోండి, నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే. పొద్దున్నే "పాణాతిపాతా వేరమణీ" అని శీలం తీసుకున్న నోటితో ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే, మన శీలం పెదవుల దగ్గరే ఆగిపోయినట్టు.

భవతు సబ్బ మంగళం!