ఇమాని

దారెస్సలాంలో మా పక్కింటి పాప పేరు ఇమాని. మొదటిసారి విన్నప్పుడే మనసు నిండిపోయింది. ఆదివారాలు లూథరన్ చర్చిలో స్వాహిలీ ప్రసంగంలో మాటిమాటికీ వినబడే మాట అది, విశ్వాసం. గుంటూరులో ఫాదర్ హయ్యర్ 1842లో మొదలుపెట్టిన సంఘంలో పెరిగినదాన్ని నేను. "ఏం ప్రార్థన చేసుకుని పెట్టుకున్నావమ్మా?" అని వాళ్లమ్మను అడిగాను.

"ప్రార్థన కాదు దాదా," అంది. దాదా అంటే అక్క. నొప్పులు మొదలైన పొద్దున ఆమె దలదలా ఎక్కిందట. కాలు పెట్టే చోటుండని చిన్న బస్సు అది. కండక్టరు ఆమె ముఖం చూసి, బండిని దారి మళ్లించి ఆసుపత్రికి పొమ్మన్నాడు. పనులకు పోయే జనం ఒక్కరూ గొణగలేదు. "వాలినియొనెయా ఇమాని," అంది. నా మీద జాలిపడ్డారు అని.

అరబ్బీ ఈమాన్ నుంచి వచ్చిన పేరిది. భద్రత, నమ్మిక అనే అర్థాలున్న ఆ ధాతువు నుంచే అమానతు పుట్టింది. మనం ప్రార్థన చివర పలికే హీబ్రూ ఆమేన్ కూడా దానికి చుట్టమే. ఇస్లాంతో తూర్పు ఆఫ్రికా తీరానికి చేరిన మాటనే స్వాహిలీ బైబిలు కూడా తీసుకుంది. అందుకే ముసల్మానుల ఇళ్లలోనూ, క్రైస్తవుల ఇళ్లలోనూ ఇమానిలున్నారు. అరబ్బీలో దేవుడి వైపు తిరిగి ఉన్న ఆ మాటకు స్వాహిలీ జనం దయ, కనికరం అనే అర్థాలు కూడా కలిపారు.

విశ్వాసం వల్లే రక్షణ, క్రియల వల్ల కాదని నేర్చుకున్నదాన్ని. క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబు పత్రికను లూథర్ 1522లో గడ్డితో పోల్చాడు. ఇప్పటికీ నేను లూథర్ పక్షమే. కానీ ఆ బస్సులో ఎవరూ పుణ్యం లెక్కపెట్టుకోలేదు. వాళ్లు చేసినదాన్ని క్రియ అని పక్కన పెట్టడానికి నాకు మనసొప్పదు. అది విశ్వాసమే.

మా అమ్మ "విశ్వాసం లేని మనిషి" అని తిట్టింది ఏనాడూ నాస్తికుణ్ణి కాదు, తిన్న అన్నం మరిచినవాణ్ణి. వంటింట్లో విన్న ఆ మాటనూ, గుడిలో విన్న మాటనూ ఇన్నేళ్లూ వేరువేరుగా దాచుకున్నాను.

ఆ కండక్టరు పేరు అడగడానికి ఇమాని వాళ్లమ్మకు తీరలేదట. ఆదివారం ప్రార్థనలో పేరు లేకుండానే అతణ్ణి తలుచుకుంటున్నాను.