ఫొటో ఎవలది?

మూడేళ్ల కింద, సద్దుల బతుకమ్మ నాడు, సుల్తానాబాద్‌లో మా పెద్దమ్మ ఇంటి వాకిట్లో ఒక ఫొటో తీశాను. పీట మీద కూచుని గునుగు పూల కట్టలకు రంగు అద్దుతోంది పెద్దమ్మ. మణికట్టు దాకా గులాబీ రంగు. ముఖం ఒక పక్కకే కనిపిస్తుంది. ముందర తాంబాళంలో సగం పేర్చిన బతుకమ్మ. నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకుని బతికేవాణ్ని, కెమెరా శనాదివారాల పిచ్చి. తీసిన వేల ఫొటోల్లో "ఇది నాది" అని ధైర్యంగా చెప్పుకోగలిగినవి నాలుగైదు ఉంటే, అందులో ఇదొకటి. మూలన చిన్నగా పేరు రాసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను.

మరుసటేడు అదే పండుగ పొద్దున కాలేజీ గ్రూప్‌లో ఒక శుభాకాంక్షల కార్డు వచ్చింది. పెద్దమ్మ చేతులే! నా పేరున్న మూల కత్తిరించి, అక్కడ ఒక నగల దుకాణం పేరు పెట్టారు. సాయంత్రానికి ఇంకో మూడు కనిపించాయి: ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ ప్రకటన, ఒక లోకల్ నాయకుడి ఫ్లెక్సీ, ఒక "మన సంస్కృతి" పేజీ. ఆ పేజీ వాళ్లయితే తమ వాటర్‌మార్క్ కూడా వేసుకున్నారు, ఇంకెవరూ ఎత్తుకుపోకుండా.

అందరికీ మెసేజ్ పెట్టాను. ఒకరు బ్లాక్ చేశారు. ఒకరు "నీకు ప్రచారమే కదన్నా" అన్నారు, పేరు కత్తిరించాక ప్రచారం ఎవరికో మరి. ఇంకొకరు మాత్రం నిజాయితీగానే చెప్పారు: "గూగుల్‌లో దొరికింది."

ఈ "దొరికింది" అన్న మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. కోతలప్పుడు మా వైపు రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు. రాత్రంతా అక్కడే ఉంటాయి. ఎవరూ ఒక బస్తా ఎత్తుకుపోయి "రోడ్డు మీద దొరికినయి" అనరు. కనిపించేలా ఉండటం వేరు, తీసుకోవచ్చని ఉండటం వేరు. ఈ తేడా వడ్ల విషయంలో అందరికీ తెలుసు. ఫొటో దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరిచిపోతాం?

దీనికో గట్టి జవాబుంది. వడ్లు తీసుకుంటే రైతు కుప్ప తగ్గుతుంది. ఫొటో కాపీ చేసుకుంటే నా దగ్గరున్నది ఎక్కడికీ పోదు. మరి నేను పోగొట్టుకున్నదేమిటి? నేను దాన్ని ఎవరికీ అమ్మబోలేదు కాబట్టి డబ్బు కాదు. నా వృత్తిలో దీనికి దగ్గరగా ఒక సంగతుంది. సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో బాగా ఉదారమైన ఒప్పందాల్లో ఎంఐటి లైసెన్స్ ఒకటి. కోడ్ తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అంత ఇచ్చేసీ ఒక్కటి అడుగుతుంది: రాసినవాళ్ల పేరున్న ఆ నోటీసు తీసేయొద్దు. వస్తువును పంచుకుంటే తరగదు. అది ఎక్కడినుంచి వచ్చిందన్న సంగతి మాత్రం ఒకసారి తెగితే మళ్లీ అతకదు. ఫొటో వాట్సాప్ మామూలు దారిలో వెళ్తే అందులో దాగిన తేదీ, కెమెరా వివరాలు కూడా రాలిపోతాయి. మిగిలేది అనాథ బొమ్మ.

చట్టం నా వైపే ఉంది, కాగితం మీద. 1957 కాపీరైట్ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకున్నా హక్కు ఉంటుంది. 2012 సవరణ తర్వాత ఫొటోకి కూడా తీసినవాళ్ల జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ. 57వ సెక్షన్ అయితే హక్కులు అమ్ముకున్నా సరే, "ఇది నేను తీశాను" అని చెప్పుకునే హక్కు పోదంటుంది. 2013 నియమాల ప్రకారం వెబ్‌సైట్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 36 గంటల్లో తొలగించాలి. 21 రోజుల్లో నేను కోర్టు ఉత్తర్వు తేలేకపోతే వాళ్లు మళ్లీ పెట్టుకోవచ్చు. ఒక గ్రీటింగ్ కార్డు మీద కోర్టుకు ఎవరు పోతారు? అప్పటికి దసరా అయిపోయి దీపావళి కార్డులు మొదలవుతాయి.

ఈ బాధ చెప్పుకుందామని ఊళ్లో ఫొటో స్టూడియో నడిపే ఒకన్న దగ్గరికి పోయాను. ఆయన గోడు నాకంటే పెద్దది. ఆయన తీసిన పెళ్లి ఫొటోలను వేరే ఊరి స్టూడియో తన పేజీలో తన పనితనంగా పెట్టుకుందట. "రాత్రంత నిద్రలేక తీస్తిమి తమ్మీ, పేరు ఆనిదాయె" అన్నాడు. మాటల మధ్యలో నేను చదివిన 17వ సెక్షన్ గుర్తొచ్చింది. డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవారే. అంటే పెళ్లివారు. "మరి నీ పేజీల పెట్టేముందు ఆ పెళ్లిపిల్లను అడిగినవా అన్నా?" అన్నాను. ఆయన నవ్వాడు. "గది గట్లనే నడుస్తది" అన్నాడు.

నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేదాకా.

పెద్దమ్మ నా కోసమే చూస్తోంది. నాయకుడి ఫ్లెక్సీ గుడి దగ్గర కట్టారట. "ఏ పార్టీల కలిసినవే అని వాడకట్టోళ్లంత అడుగుతున్నరు. ఎన్ని పైసలిచ్చిండ్రు అని ఇంకొకామె. నువ్విచ్చినవా గా ఫొటో?" లేదు పెద్దమ్మా, దొంగిలించారు, నా ఫొటో అది, అన్నాను. "నీదేంది? అండ్ల ఉన్నది నేను గదా. నువ్వన్న నన్ను అడిగినవా కొడుకా? అడిగితే చేతులన్న కడుక్కొని కూసుందును."

ఏడాదిగా నేను నలుగురికి పంపిన మెసేజ్‌లలోని మాట అదే: అడగలేదు. అడగనివాళ్ల వరుసలో మొదటివాణ్ని నేనే.

ఇది నా ఇంటి కథ మాత్రమే కాదు. 2018 ఆగస్టులో రైతుబీమా, కంటివెలుగు పథకాలకు వచ్చిన పత్రికా ప్రకటనల్లో ఒక పల్లె మహిళ ఫొటో వాడారు. ఒకదాంట్లో పక్కన భర్త ఉన్నాడు, ఇంకోదాంట్లో అదే చోట వేరే మనిషి. ఆ దంపతులు పడ్డ అవమానం అప్పట్లో వార్తయింది. ఎక్కడో తీసిన ఫొటో చేతులు మారి మారి, చివరికి బొమ్మ అతికించేవాడికి ఆమె ఒక "రైతు మహిళ" మాత్రమే అయింది. 1936లో కాలిఫోర్నియాలో డొరోథియా లాంజ్ తీసిన వలస తల్లి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అది ప్రభుత్వం కోసం తీసింది కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు. కాపీరైట్ పేచీయే లేదు. అయినా ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆ తల్లి పేరు లోకానికి తెలిసింది 1978లో. తీసినావిడ ఆ రోజు పేరు అడగలేదు. ఆ బొమ్మతో తనకు ఒరిగిందేమీ లేదని థాంప్సన్ అప్పట్లో బాధపడింది.

అయితే పెద్దమ్మ మాటలో ఒక చిక్కుంది. ముందే అడిగితే చేతులు కడుక్కునేది. రంగు లేని చేతులతో ఆ ఫొటో లేదు. అడగకుండా తీస్తేనే దొరికే నిజాలు కొన్ని ఉంటాయని ఫొటోలు తీసే ఎవరికైనా తెలుసు, అది సాకు కాదు. కానీ తీయడానికీ లోకానికి చూపించడానికీ మధ్య సమయం ఉంటుంది. ఆ సమయంలో వెనక్కి తిరిగి, ఫోన్ చూపించి, "పెట్టనా?" అని అడగడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం నేను ఇవ్వలేదు. కత్తిరించినవాళ్లూ ఇవ్వలేదు. నా పేరు పోయిందని వాళ్ల మీద నాకున్న కోపం ఇప్పటికీ న్యాయమైనదే, తగ్గలేదు. కాకపోతే దాన్ని నా దగ్గర మొదలుపెట్టాలి.

ఫ్లెక్సీ దింపించాను. పెద్దమ్మను అడిగాను. "నీ దాంట్ల ఉండనియ్యి, చేతులు నాయే అని రాయి" అంది. రాశాను.

తర్వాత నా పేజీలో మనుషులున్న ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. కొందరికి ఫోన్ చేశాను. ఇద్దరు తీసేయమన్నారు. రైస్ మిల్లు దగ్గర బస్తా మోస్తూ వెనక్కి తిరిగి చూసిన ఒక హమాలీ ఉన్నాడు, ముఖమంతా తవుడు. మిల్లుకు పోయి అడిగితే, బిహార్ నుంచి వచ్చినవాడు, సీజన్ కాగానే పోయాడన్నారు. పేరు ఎవరికీ తెలియదు. ఆ ఫొటో తీసేశాను. చాలా బాగా వచ్చిన ఫొటో.